ఊపిరి లెక్క

బిడ్డ అంగీ పైకెత్తండి. ఛాతీ, పొట్ట మొత్తం కనిపించాలి. ఫోన్ లైటు మొహం మీద పడనీయకండి. లేస్తే ఏడుస్తాడు, ఏడిస్తే లెక్క తప్పుతుంది. ఇక మాట్లాడకుండా పొట్ట మీదే చూపు పెట్టండి. లేచి దిగితే ఒకటి. మళ్లీ లేచి దిగితే రెండు.

మీరున్నది ఉట్నూరుకు పైన, గుట్టల నడుమ ఒక గోండు గూడెంలో. జనవరి నెల. తెల్లారడానికి ఇంకా గంటకు పైనే ఉంది. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ జిల్లాల్లో ఈ రోజుల్లో రాత్రి ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు పడిపోవడం ఏటా ఉన్నదే. తిర్యాణి మండలంలోని గిన్నెదరి పేరు పేపర్లలో చలి వార్తలతోనే ఎక్కువగా కనిపిస్తుంది. అందుకే తలుపు బిగించారు. మూలన పొయ్యిలో మొద్దు రాజుకుంటూనే ఉంది. పొగ పోయే దారి లేదు, మీ కళ్లు మండుతున్నాయి. ఈ ఒక్క గదిలోనే పెద్దా చిన్నా కలిసి ఏడుగురు పడుకున్నారు. అందులో ఇద్దరికి సర్ది చేసి ఉంది.

చలి దానంతటది నిమోనియా తేదు. చలి మనుషుల్ని ఒక గదిలోకి నెడుతుంది, తలుపు మూయిస్తుంది, పొయ్యి ఆరకుండా చేస్తుంది. ఒకరి దగ్గు తుంపర ఇంకొకరి ముక్కులోకి వెళ్లడానికి ఆ గది చాలు. పొగకు గాలిగొట్టం లోపలి పొర దెబ్బతింటుంది. క్రిమిని బయటికి నెట్టే సన్నని నూగు పని మందగిస్తుంది. ఎనిమిది నెలల పసివాడి ఊపిరితిత్తి ఆ రెంటినీ కలిపి మోయాలి.

ఈ బిడ్డకు మూడు రోజుల కింద ముక్కు కారడంతో మొదలైంది. నిన్న జరం. రాత్రి నుంచి రొమ్ము పట్టడం లేదు. మీ పక్కనే మోకాళ్ల మీద కూర్చున్న ఆశా కార్యకర్త తల్లితో గోండీలో మాట్లాడుతూ, మీ వైపు తిరిగినప్పుడు తెలుగులోకి మారుతోంది.

"నిమిషం నిండాలె. ముప్పై సెకన్లు లెక్కవెట్టి రెండింతలు చేస్తే తప్పుతది. పసిపోరలు ఒక్క తీరుగ ఊపిరి తీస్కోరు. జరసేపు ఉరుకుతరు, జరసేపు ఆగుతరు."

ఆమె ఫోన్‌లో టైమర్ మోగింది. యాభై ఎనిమిది.

రెండు నెలల లోపు బిడ్డయితే నిమిషానికి అరవై, రెండు నెలల నుంచి ఏడాది లోపు యాభై, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు నలభై. ఆ అంకె అందుకున్నా, దాటినా అది వేగంగా ఆడే శ్వాస, నిమోనియా కింద లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన ఈ గీతలు మన ఆశా కార్యకర్తలకు శిక్షణలో నేర్పుతారు.

"ఇంకోటి సూడున్రి. గీడ, పక్కటెముకల కింద."

ఊపిరి లోపలికి తీసుకున్నప్పుడు ఛాతీ ఉబ్బాలి. ఈ బిడ్డకు ఛాతీ కింది అంచు ప్రతిసారీ లోపలికి గుంజుకుపోతోంది. ఊపిరితిత్తుల్లోని గాలి గదులు వాపుతో, నీరుతో, చీముతో నిండి గట్టిపడితే అవి తేలిగ్గా విచ్చుకోవు. వాటిని తెరవడానికి బిడ్డ తన బలమంతా పెట్టి లాగుతుంటే మెత్తటి పక్కలు లోపలికి కూరుకుపోతాయి. మన అమ్మమ్మలు దీన్నే డొక్కలెగరేయడం అంటారు. ఎక్స్‌రే లేని కాలం నుంచీ వాళ్ల కళ్లు పట్టుకున్న గుర్తు ఇది, ఈనాటి వైద్యం కూడా దీన్నే ప్రమాద సూచనగా తీసుకుంటుంది. దీనికి తోడు పాలు మానేశాడు. ఇంట్లో ఉంచే కేసు కాదు.

గోడ వారన కూర్చున్న ముసలవ్వ పొయ్యిలోకి చూస్తూ ఏదో అంది. ఆశా కార్యకర్త మొహం ఒక్క క్షణం బిగిసింది. "రెండు వాతలు వెడితే గుంజుడు తగ్గుతదంటుంది," అని మీకు చెప్పి, అవ్వ దగ్గరికి జరిగి చెయ్యి పట్టుకుంది. గొంతు పెంచలేదు. అవ్వ తన పిల్లలకు పెట్టింది, కొందరు బతికారు, అది ఆమె కళ్లతో చూసిన సంగతి. కాల్చిన ఇనుము పొట్ట మీద పెడితే ఊపిరితిత్తిలో చీము కరగదు. నొప్పికి బిడ్డ ఇంకా అలసిపోతాడు, పచ్చిపుండు నుంచి మరో క్రిమి లోపలికి వెళ్తుంది. అన్నింటికన్నా మించిన నష్టం, తగ్గుతుందేమోనని చూస్తూ కూర్చున్న ఆ నాలుగైదు గంటలు. ఈ జబ్బులో పసిప్రాణాలు పోయేది ఆ గంటల్లోనే.

సంచీలోంచి అమోక్సిసిలిన్ మాత్ర తీసింది. నీళ్లలో వేస్తే కరిగిపోయే రకం, 250 మిల్లీగ్రాములు. తల్లి చెంచాలోకి పాలు పిండింది, మాత్ర అందులో నురగలా విచ్చుకుంది. కొసరి కొసరి నాలుక వెనక్కి పోశారు. 2019 నవంబరులో కేంద్రం మొదలుపెట్టిన 'సాన్స్' కార్యక్రమం కింద పెద్దాసుపత్రికి పంపేముందు ఈ తొలి మోతాదు వేసే బాధ్యత ఆశాలకు వచ్చింది. ఏటా నవంబరు 12న, ప్రపంచ నిమోనియా దినం నాడు, మొదలై ఫిబ్రవరి చివరి దాకా దాని ప్రచారం సాగుతుంది. చలికాలం మొత్తం అన్నమాట.

108 గుట్ట కిందికి వచ్చి ఆగింది. అక్కడి దాకా బిడ్డను ఎత్తుకుని నడవాలి.

నడుస్తూ తూర్పుకు చూడండి. ఈ గుట్టల వరస దాటి పోతే ప్రాణహిత వస్తుంది, ఆ ఒడ్డు మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా. సిరొంచ వైపు ఊళ్లలో ఇళ్లలో మాట్లాడేది తెలుగే. ఆ జిల్లాలోనే డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు 1986లో 'సెర్చ్' సంస్థ పెట్టారు. పసిపిల్లలు దేనివల్ల చనిపోతున్నారని ఊరూరా ఆరా తీస్తే నిమోనియా పెద్ద కారణంగా తేలింది. డాక్టరు లేడు, రోడ్డు లేదు. ఉన్నది ఊరి మంత్రసాని. ఆమెకు యాభై దాకా లెక్కపెట్టడం రాదు. దానికి వాళ్లు ఒక చెక్క పరికరం చేశారు. నిమిషంలో జారిపోయే ఇసుక గడియారం ఒకటి, పక్కన తీగకు గుచ్చిన పూసలు. పది ఊపిరులకు ఒక పూస జరపాలి. ఇసుక అయిపోకముందే చివరి ఎర్రపూస జరిగిందా, మందు మొదలుపెట్టాలి. అంతే. ఊళ్లోవాళ్లకు శిక్షణనిచ్చి, కో-ట్రైమోక్సజోల్ చేతికిచ్చి, 58 ఊళ్లను అలా చూసుకున్నారు. మరో 44 ఊళ్లతో పోల్చారు. ఆ ఫలితాలు 1990లో 'లాన్సెట్' పత్రికలో వచ్చాయి. ఏడాది తర్వాత ఐదేళ్ల లోపు పిల్లల్లో నిమోనియా చావులు ఆ 44 ఊళ్లలో వెయ్యికి 17.5 ఉంటే, ఈ 58 ఊళ్లలో 8.1. మందు అందిన నిమోనియా కేసుల్లో చనిపోయినవారు వందకు ఒక్కరు కూడా లేరు. పోల్చి చూసిన ఊళ్లలో వందకు పదమూడు మందికి పైగా పోయారు.

చదువురాని ఆడవాళ్ల చేతుల్లో పూసల పలక ఇంత పని చేసిందంటే నాకు ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది. ప్రపంచమంతా ఇప్పుడు ఊళ్లలో నిమోనియాకు మందివ్వడం అనే పద్ధతిని నమ్ముతోందంటే దాని వెనక మన పక్క జిల్లా మంత్రసానులున్నారు.

వ్యాన్ ఇంద్రవెల్లి దాటింది. గుడిహత్నూర్ దగ్గర హైవే ఎక్కాక కుదుపులు తగ్గాయి. తల్లి ఒళ్లో బిడ్డ ముక్కుపుటాలు ప్రతి ఊపిరికీ విచ్చుకుంటున్నాయి. వేలికి తగిలించిన చిన్న క్లిప్పు మీద అంకె 88. తొంభై కింద ఉంటే ఆక్సిజన్ పెట్టాల్సిందే. పెట్టారు.

ఆదిలాబాద్ రిమ్స్‌కు చేరేసరికి ఎండ పడింది. 2008లో ఇక్కడ వైద్య కళాశాల మొదలయ్యాక ఏజెన్సీ ఊళ్లకు పెద్ద దిక్కు ఇదే. పిల్లల వార్డులో ఆక్సిజన్ నీటి సీసాలో బుడగలు లేచే చప్పుడు మంచం మంచానికీ వినిపిస్తుంది. ముక్కులో రెండు సన్నటి గొట్టాలు, వాటిని చెంపకు అంటించిన ప్లాస్టర్. చలికాలంలో ఏ పిల్లల వార్డుకు వెళ్లినా ఈ దృశ్యమే. ఎక్స్‌రే ఫిల్మ్‌ను వెలుతురుకు పట్టుకుని చూడండి. ఊపిరితిత్తి నల్లగా ఉండాలి, గాలి కాబట్టి. గుండెకు రెండు వైపులా తెల్లటి మబ్బు, పాయలు పాయలుగా.

ఇది బాక్టీరియానా, వైరసా?

అనుభవమున్న పిల్లల డాక్టరును అడగండి. ఎక్స్‌రే చూసి చెప్పలేమనే అంటారు. ఒక భాగం మొత్తం తెల్లగా గట్టిపడితే బాక్టీరియా వైపు మొగ్గుతారు. రెండు పక్కలా చెదురుమదురుగా ఉండి పిల్లికూతలు వినిపిస్తే వైరస్ వైపు. మొగ్గు మాత్రమే, నిర్ధారణ కాదు. ఆఫ్రికా, ఆసియా దేశాలు ఏడింటిలో తీవ్ర నిమోనియాతో ఆసుపత్రిలో చేరిన పిల్లల మీద చేసిన 'పెర్చ్' అనే పెద్ద అధ్యయనం 2019లో బయటికొచ్చింది. హెచ్‌ఐవీ లేని పిల్లల్లో వందకు అరవై ఒక్క కేసులకు వైరస్‌లు కారణమని, ఇరవై ఏడింటికి బాక్టీరియా కారణమని తేల్చింది. అన్నింట్లోకీ మొదటి స్థానం ఆర్‌ఎస్‌వీ అనే వైరస్‌ది, ఒక్కటే దాదాపు మూడో వంతు. 1956లో అమెరికాలో జలుబు చేసిన చింపాంజీల్లో మొదట దొరికింది ఇది. పెద్దవాళ్లకు ముక్కు కారి పోతుంది. అదే ఏడాది నిండని బిడ్డ సన్నటి గాలిగొట్టాల్లోకి దిగితే వాచి మూసుకుపోతాయి. గూడెంలో ఆ ఇద్దరికి చేసిన సర్ది ఇదే అయి ఉండవచ్చు. దీన్ని చంపే యాంటీబయాటిక్ లేదు. ఆక్సిజన్, గుక్కెడు గుక్కెడుగా పాలు, కనిపెట్టుకుని ఉండే మనిషి, ఇవే చికిత్స. 2023 నుంచి అమెరికాలో గర్భిణులకు దీనికి టీకా ఇస్తున్నారు. మన ప్రభుత్వ టీకాల జాబితాలో అది లేదు.

అయినా నర్సు ఈ బిడ్డకు యాంపిసిలిన్, జెంటామైసిన్ ఇంజెక్షన్లు సిద్ధం చేస్తోంది చూడండి. వైరస్ కావచ్చని తెలిసి కూడా. వైరస్ తలుపు తీసిన చోట బాక్టీరియా చొరబడటం మామూలే. 1918 ఇన్‌ఫ్లుయెంజాలో పోయినవాళ్లలో చాలామందిని చంపింది వెనకాల వచ్చిన బాక్టీరియా నిమోనియాయేనని, అప్పటి ఊపిరితిత్తుల ముక్కలను తొంభై ఏళ్ల తర్వాత మళ్లీ పరీక్షించినవాళ్లు చెప్పారు. క్రిమి పేరు తేలేదాకా ఈ బిడ్డను ఆపి ఉంచలేం. ఇక్కడ తొందరే సరైన వైద్యం.

పేరు తేల్చుకునే చోటికి వెళ్దాం రండి. జన్నారం అడవి దాటి, లక్సెట్టిపేట మీదుగా, రాయపట్నం దగ్గర గోదావరి వంతెన ఎక్కి కరీంనగర్. దారి పొడుగునా పత్తి చేలు పోయి వరి మళ్లు వస్తాయి. ఊరు దగ్గర పడేకొద్దీ గ్రానైట్ లారీలు, కోసిన గుట్టలు.

మైక్రోబయాలజీ ల్యాబ్‌లో ఒక ప్లాస్టిక్ డబ్బీ మీ ముందుంది. ఒక క్వారీ కూలీది. యాభై దాటిన మనిషి. రెండు రోజుల కింద మధ్యాహ్నం దాకా పనిచేశాడు, సాయంత్రానికి దుప్పట్లు మూడు కప్పినా ఆగని వణుకు. తర్వాత మంట జరం, దగ్గితే కుడి పక్కన పొడిచే నొప్పి. డబ్బీలో గళ్ల తుప్పు రంగులో ఉంది. పాత వైద్య పుస్తకాల్లో చెప్పిన రంగు అచ్చంగా ఇదే. రాతిదుమ్ము ఏళ్ల తరబడి పీల్చిన ఊపిరితిత్తిలో క్రిమి తేలిగ్గా పాగా వేస్తుంది. గోదావరిఖని, శ్రీరాంపూర్ గనుల్లో పనిచేసినవాళ్లకూ, జిన్నింగ్ మిల్లుల్లో పత్తినూగు పీల్చేవాళ్లకూ, బీడీలు కాల్చేవాళ్లకూ ఇదే ముప్పు.

టెక్నీషియన్ చెయ్యి చూడండి. గళ్లలో ఉమ్మి భాగం వదిలేసి, చిక్కటి ముక్కను పుల్లతో తీసి గాజుపలక మీద సన్నగా పరిచింది. ఆరనిచ్చి మంట మీద మూడుసార్లు తిప్పింది. క్రిస్టల్ వయొలెట్ పోసింది, నిమిషం. కడిగి అయోడిన్, ఇంకో నిమిషం. తర్వాత ఆల్కహాల్, ఇక్కడే కళ్లు ఆర్పకూడదు. ఊదారంగు కారడం ఆగిన మరుక్షణం నీళ్లతో కడిగేయాలి. ఎక్కువసేపు ఉంచితే అన్నీ వెలిసిపోతాయి, తక్కువైతే ఏదీ వెలవదు. చివర సాఫ్రనిన్ అనే ఎర్రరంగు. ఆరిన పలక మీద ఒక నూనె చుక్క, వందరెట్ల కటకం దానిలో మునిగేదాకా దించి, "జూడండి మేడం, ఫీల్డ్ బాగొచ్చింది" అంటూ జరిగింది. డాక్టరమ్మ ఒక్కసారి చూసి, మిమ్మల్ని కూర్చోమంది.

ఒక కన్ను మూయండి. గులాబీ రంగు మైదానం. చీముకణాలు గుంపులుగా. వాటి మధ్య ముదురు ఊదారంగులో జంటలు, రెండేసి జొన్నగింజలు వెడల్పు వైపు ఎదురెదురుగా పెట్టినట్టు, మొనలు బయటికి. ప్రతి జంట చుట్టూ రంగు అంటని సన్నటి ఖాళీ వలయం.

న్యుమోకాకస్. ఆసుపత్రి బయట వచ్చే బాక్టీరియా నిమోనియాల్లో పెద్దపీట దీనిదే, పిల్లల్లోనూ పెద్దల్లోనూ. 1881లో ఫ్రాన్స్‌లో పాశ్చర్, అమెరికాలో స్టెర్న్‌బర్గ్ ఎవరికి వారుగా దీన్ని పట్టుకున్నారు. మీరిప్పుడు చూసిన రంగులేసే పద్ధతి పుట్టింది కూడా నిమోనియా కోసమే. 1884లో బెర్లిన్‌లో హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ అనే డెన్మార్క్ డాక్టరు, నిమోనియాతో చనిపోయినవారి ఊపిరితిత్తుల ముక్కల్లో క్రిములు కణాల నుంచి విడిగా కనిపించాలని రంగులు వేసి కడుగుతుండగా ఇది తేలింది. ఊదా నిలిచినవి ఒక జాతి, ఊదా పోయి ఎర్రరంగు పట్టినవి ఇంకో జాతి. తేడా గోడలో ఉంది. బాక్టీరియా గోడ మందంగా ఉంటే ఊదా లోపల చిక్కుకుంటుంది. పెన్సిలిన్, దాని చుట్టమైన అమోక్సిసిలిన్ దెబ్బకొట్టేది ఆ గోడ కట్టే పనినే. గోడ పూర్తికాని క్రిమి పగిలిపోతుంది.

మీకు కనిపించిన ఆ ఖాళీ వలయం చక్కెర పదార్థంతో అల్లిన తొడుగు. దాని వల్లే మన తెల్లకణాలు క్రిమిని పట్టి మింగలేవు. తొడుగులో తేడాలను బట్టి దీనిలో దాదాపు వంద రకాలున్నాయి. ఒక రకానికి వచ్చిన రక్షణ ఇంకోదానికి పూర్తిగా పనికిరాదు. ఈ తొడుగు సంగతి తవ్వుకుంటూ పోయే న్యూయార్క్‌లో ఏవరీ బృందం 1944లో వంశలక్షణాలను మోసేది డీఎన్‌ఏ అని నిరూపించింది. నిమోనియా క్రిమి నుంచే ఆధునిక జన్యుశాస్త్రానికి దారి పడింది.

పక్క పలక పెట్టండి. ఇక్కడ ఊదా లేదు, లావుపాటి ఎర్రటి కడ్డీలు. క్లెబ్సియెల్లా. షుగర్ ఉన్నవాళ్లను, ఏళ్లుగా తాగుడు పట్టినవాళ్లను ఎక్కువగా పట్టుకుంటుంది, ఊపిరితిత్తిని తినేసి గుల్ల చేస్తుంది. ఐసీయూల్లో వెంటిలేటర్ గొట్టం వెంట దిగే నిమోనియాల్లోనూ ఇది ముందు వరసే. బయట వచ్చిన జబ్బు కన్నా అలా లోపల వచ్చింది మొండిది. పెద్ద పెద్ద ఇంజెక్షన్లకు కూడా లొంగని రకాలు మన దేశంలో ఇప్పుడు చాలా ఉన్నాయి. దీని వెనక మన చేతి పని కూడా ఉంది. జలుబుకు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న యాంటీబయాటిక్, రెండు రోజులేసి జరం దిగగానే ఆపేసిన కోర్సు, ఆర్‌ఎంపీ దగ్గర ఒకే సిరంజిలో కలిపిన రెండు మందులు. వీటిని నేను చిన్న తప్పులుగా చూడలేను.

ఓపీ బెంచీ మీద ఒక ఇంటర్ కుర్రాడు కూర్చున్నాడు. హాస్టల్ పిల్లాడు. రెండు వారాలుగా పొడిదగ్గు, తలనొప్పి, ఓ మాదిరి జరం. కాలేజీకి పోతూనే ఉన్నాడు. గదిలో ఇంకో ముగ్గురికీ ఇదే. అమోక్సిసిలిన్ వారం వాడాడు, దగ్గు అలాగే ఉంది. ఎక్స్‌రే చూస్తే మనిషి కన్నా ఫిల్మే ఎక్కువ జబ్బుగా కనిపిస్తోంది. గళ్ల పరీక్షలో గ్రామ్ రంగుకు ఏమీ దొరకలేదు.

దొరకదు. ఇది మైకోప్లాస్మా అనే క్రిమి పని, దానికి గోడే లేదు. రంగు పట్టుకోవడానికి గోడ కావాలి, పెన్సిలిన్ కొట్టడానికీ గోడ కావాలి. 1944లో ఈటన్ దీన్ని కనిపెట్టినప్పుడు వడపోతలోంచి జారిపోయేంత చిన్నది కావడంతో చాలాకాలం వైరస్ అనుకున్నారు. 1962లో చానాక్, హేఫ్లిక్, బరైల్ దీన్ని ప్రయోగశాలలో పెంచి చూపాకే బాక్టీరియా అని ఖాయమైంది. దీనికి గోడ జోలికి పోకుండా, క్రిమి లోపల ప్రొటీన్ల తయారీని ఆపే మందులు కావాలి. అజిత్రోమైసిన్, డాక్సీసైక్లిన్ అలాంటివి.

డాక్సీసైక్లిన్ వెనక ఒక తెలుగువాడున్నాడు. 1895లో భీమవరంలో పుట్టి, అమెరికా వెళ్లి లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనకు సారథి అయిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన నడిపిన విభాగంలోనే బెంజమిన్ డగ్గర్ మిస్సోరీ మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశారు. టెట్రాసైక్లిన్ల వంశంలో అదే మొదటిది, డాక్సీసైక్లిన్ ఆ వంశంలో తర్వాత పుట్టింది. 1948లో ఆరియోమైసిన్ లోకానికి తెలిసింది, అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. ఆదిలాబాద్ పొదల్లో నల్లిలాంటి చిన్న పురుగు కుట్టి వచ్చే స్క్రబ్ టైఫస్ ముదిరి ఊపిరితిత్తుల్లోకి దిగినా ఇదే మందు కాపాడుతుంది. కరీంనగర్ ఓపీలో ఆ మాత్రల స్ట్రిప్పు పట్టుకున్న కుర్రాడికి ఆ పేరు ఎవరైనా చెబితే బాగుండును.

వార్డు చివరి మంచం మీద ఒక రైతు. షుగర్ ఉంది. నాట్ల నాటి నుంచి చెప్పుల్లేకుండా మడిలో తిరిగాడు. జరం తగ్గదు, ఊపిరితిత్తిలో చీముగడ్డ, టీబీ పరీక్ష రెండుసార్లు చేసినా లేదనే వచ్చింది. ఇలాంటప్పుడు డాక్టరు మెలియాయిడోసిస్‌ను తలుచుకోవాలి. బురదలో, మళ్లలో బతికే బాక్టీరియా ఇది. 1912లో విట్‌మోర్, కృష్ణస్వామి అనే ఇద్దరు డాక్టర్లు దీన్ని మొదట వివరించింది తెలుగు కూలీలు వేలుగా బతికిన రంగూన్‌లో. కల్చర్‌లో పెరిగినా వేరే మామూలు క్రిమిగా పొరబడే ప్రమాదముంది, అందుకే ల్యాబ్‌కు ముందే చెప్పి అడగాలి. కట్టుదిట్టంగా ఇంజెక్షన్లు, ఆ తర్వాత కనీసం మూడు నెలలు మాత్రలు. సగంలో ఆపితే తిరగబెడుతుంది. కాల్వ నీళ్లొచ్చి వరి పెరిగిన జిల్లాలో, ఇంటికొకరికి షుగర్ కనిపిస్తున్న కాలంలో, దీన్ని అరుదైన జబ్బని పక్కన పెట్టడం నాకు సరికాదనిపిస్తుంది.

బాక్టీరియా, వైరస్‌లే కాదు. రోగనిరోధక శక్తి బాగా తగ్గిన హెచ్‌ఐవీ బాధితుల్లో న్యుమోసిస్టిస్ అనే శిలీంధ్రం నిమోనియా తెస్తుంది. 1981 జూన్‌లో లాస్ ఏంజెలెస్‌లో ఐదుగురు యువకులకు వచ్చిన ఆ నిమోనియాతోనే ఎయిడ్స్ సంగతి బయటి ప్రపంచానికి తెలిసింది. రోజూ వేసుకునే చవకైన కో-ట్రైమోక్సజోల్ మాత్ర దాన్ని రాకుండా ఆపుతుంది.

ఇక కరీంనగర్‌వాళ్లకు చెప్పనక్కర్లేని నిమోనియా ఒకటుంది. 2020 మార్చి మధ్యలో ఇండోనేసియా నుంచి వచ్చిన బృందంలో కరోనా తేలగానే, దేశమంతా తలుపులు వేసుకోవడానికి ముందే ఇక్కడ ముకరంపుర వీధులకు అడ్డంగా బారికేడ్లు పడ్డాయి. వైద్య సిబ్బంది ఇల్లిల్లూ తిరిగి జరముందా, దగ్గుందా అని అడిగారు. ఆ తర్వాతి ఏడాది ఆక్సిజన్ సిలిండర్ కోసం ఎవరు ఎక్కడ తిరిగారో ప్రతి ఇంటికీ ఒక కథ ఉంది. మాట్లాడుతూనే ఉన్న మనిషి వేలి మీద అంకె ఎనభైకి పడటం మనం అప్పుడే చూశాం. వేలి క్లిప్పు అప్పుడే ఇళ్లలోకి వచ్చింది. దాన్ని పారేయకండి. ఇంట్లో ముసలివాళ్లకు జరం, దగ్గు కలిసి వస్తే, లేదా ఉన్నట్టుండి మాట తడబడి మగతగా పడుకుంటే, ముందు దాన్ని పెట్టి చూడండి. పెద్ద వయసులో నిమోనియాకు జరం రాకపోవచ్చు.

ఇక జబ్బు రాకముందే ఆపే చోటికి వెళ్దాం. బుధవారం పొద్దున. ఒక ఊళ్లో సబ్ సెంటర్ ముందు తల్లులు కొంగు చాటున పిల్లల్ని పెట్టుకుని కూర్చున్నారు. ఏఎన్‌ఎం చల్లటి పెట్టెలోంచి సీసాలు తీసి, లేబుల్ చదివి, తేదీ చూసి పక్కన పెట్టుకుంది. ఆరు వారాల పాప. ఎడమ తొడకు పెంటావలెంట్, అందులో హిబ్ అనే మరో నిమోనియా క్రిమికి విరుగుడు ఉంది. కుడి తొడకు పీసీవీ, న్యుమోకాకస్ టీకా. ఆ చక్కెర తొడుగు ముక్కను ఒక ప్రొటీన్‌కు అతికించి చేసిన మందు ఇది. అలా అతికించకపోతే పసిపిల్లల ఒంట్లో రక్షణ సరిగా పుట్టదు. పాప ఒక్కసారి గట్టిగా అరిచి తల్లి మెడలో మొహం దాచుకుంది.

"రాత్రికి జర జరమొస్తది సిస్టరమ్మా?" అని అమ్మమ్మ అడిగింది.

"వస్తే వస్తది అవ్వా, బుగులు వడకు. మందు పనిజేస్తున్నట్టే."

2017లో హిమాచల్‌తో పాటు యూపీ, బిహార్‌లలో మొదలైన ఈ టీకా 2021లో దేశమంతటికీ వచ్చింది. హైదరాబాద్‌లోని బయలాజికల్ ఈ సంస్థ 14 రకాల న్యుమోకాకస్‌లను అడ్డుకునే టీకాను తయారుచేసి 2022లో అనుమతి పొందింది. అరవై ఐదేళ్లు దాటినవాళ్లకు, షుగర్, ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవాళ్లకు కూడా న్యుమోకాకస్ టీకాలున్నాయి, డాక్టరును అడిగి వేయించుకోవచ్చు.

మీ ఇంట్లో ఏడాది నిండని బిడ్డ ఉంటే టీకా కార్డు తీసి పీసీవీ అన్న వరస చూడండి. మూడు డోసులు: ఆరో వారం, పద్నాలుగో వారం, తొమ్మిదో నెల. ఏదైనా గడి ఖాళీగా ఉంటే వచ్చే బుధవారమో శనివారమో బిడ్డను తీసుకుని వెళ్లండి. ఆలస్యమైనా మొదటి డోసు ఏడాది నిండేలోపు మొదలుపెట్టవచ్చు. ప్రభుత్వ కేంద్రాల్లో ఇది పూర్తిగా ఉచితం.